చిప్ప కింద రాణిగార్లు

ఒక్క రాణి ఉన్న చీమల గూడంటే మా సింహాద్రి బావకి లెక్కలేదు. "ఒక్కరే ఉంటే దాన్ని గూడంటారాండీ? ఒంటరి ముసలమ్మ గుడిసంటారు గానీ," అనేవాడు. ఇద్దరు రాణులుండాలి. ముగ్గురైతే ఆ రోజు పండగ. తెల్లవారి లేస్తూనే మొహమైనా కడుక్కోకుండా కొబ్బరిచిప్ప పైకెత్తి, దాని కింద కాపురముంటున్న చీమలకి రెండు చేతులూ జోడించి, "పెద్ద రాణిగారండీ, చిన్న రాణిగారండీ, నిద్ర బాగా పట్టిందాండీ?" అని అడిగేవాడు. చీమకి 'గారు' పెట్టి, ఆపైన 'అండీ' తగిలించి పిలిచిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకడుంటే చూపించండి, నా మీసం తీసి గోదాట్లో పారేస్తాను.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. సింహాద్రి రేవు పడవ నడిపేవాడు. ఇటు కొత్తపేట వైపు మా రేవు, అటు జొన్నాడ. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఇటు జనాన్ని అటు, అటు జనాన్ని ఇటు దింపడమే అతని బతుకు. నేను అతని మేనమామ కొడుకుని, బుల్లిరాజుని. చదువుకున్నవాణ్ణే. వీధిబడిలో గుణింతాల దాకా వెళ్లాను. అక్కడ, "ఒక్క 'క'కి ఇన్ని వేషాలెందుకండీ?" అని పంతులుగారిని నిలదీశాను. ఆయన దగ్గర జవాబు లేదు, బెత్తం ఉంది. జవాబు చెప్పలేని బడిలో నాలాంటివాడు కూర్చోవడం బడికే అవమానమని గోడ దూకి వచ్చేశాను. ఆ గోడ ఎంత ఎత్తంటే, దూకుతున్నప్పుడు నాకు సముద్రం కనిపించింది.

అప్పటినుంచీ నా కొలువు రేవులోనే. పడవ అవతలి ఒడ్డున ఉంటే ఇవతల కాచుకుని కూర్చున్నవాళ్లకి కాలక్షేపం కావాలి కదా. నేను నోరు విప్పితే పడవ వచ్చినా జనం లేచేవారు కాదు. మొసలి వీపు మీద పీట వేసుకుని జొన్నాడ సంతకి వెళ్లొచ్చిన సంగతి, వరదలో కొట్టుకుపోతున్న తాటిచెట్టుని ఒంటిచేత్తో పట్టి ఆపి, రెండో చేత్తో దానికున్న ముంజలు తిన్న సంగతి, ఇలాంటివి చెప్పేవాణ్ణి. అన్నీ జరిగినవే. కొన్ని నాకు జరిగాయి, కొన్ని జరగవలసి ఉండి ఆలస్యమయ్యాయి.

అలాంటి నా సభని సింహాద్రి చీమలు తినేశాయి.

ఎలాగంటారా? రేవుగట్టు మీదే అతని ఇల్లు. అరుగు మీద మట్టి తొట్టెలు వరుసగా పెట్టి వాటినిండా నీళ్లు పోసేవాడు. తొట్టె మధ్యలో బోర్లించిన చట్టి, చట్టి మీద తడిమట్టి పరిచిన మూకుడు, ఆ మట్టి మీద బోర్లించిన కొబ్బరిచిప్ప. చుట్టూ నీళ్ల కందకం, నడుమ చిప్ప కోట. చీమ పారిపోలేదు, బల్లి చేరలేదు. చిప్ప ఎత్తితే రాజ్యం మొత్తం కళ్లెదుటే. గుడ్లు ఒక మూల, పిల్లపురుగులు ఒక మూల, నడిమధ్య పొట్ట బరువుతో ఒళ్లు కదపలేని రాణిగార్లు. పడవ ఎక్కవలసిన వాళ్లంతా ఆ అరుగు చుట్టూ మూగేవారు. నేనిక్కడ మొసలి మీద నది మధ్యలో ఉండగానే, "ఆ మొసలిని కాసేపు అక్కడే ఉంచండి బుల్లిరాజుగారూ, చిన్న రాణిగారు గుడ్డు పెడుతున్నారంట, చూసొస్తాం," అని లేచి వెళ్లిపోయేవారు. చీమ గుడ్డు! ఆవగింజలో సగం లేదు! దానికోసం మొసలిని వదిలేశారు!

కడుపు మండింది. నాకు మండటం కాదు వింత, ఆ ఇంట్లో నాకంటే ఎక్కువగా మండుతున్న కడుపు ఇంకొకటి ఉండటం వింత. అది సింహాద్రి భార్య వీరవేణిది.

ఆ చెల్లెమ్మది ఓడలరేవు. సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్ల కాబట్టి గొంతు అలల్ని దాటి వినిపించడానికి తయారైంది. ఆమె అరుగు మీద కోప్పడితే జొన్నాడలో పశువులు తలెత్తి చూసేవి. కొత్తనీరు వచ్చే రోజుల్లో ఒకసారి వలలో పులస పడింది. చింతపండు పులుసు పెట్టి, మట్టిదాకలో మరిగించి, మొగుడు తల తింటాడని తలకాయ వేరుగా తీసిపెట్టింది. సింహాద్రి వచ్చాడు, కంచంలో తలకాయని చూశాడు, కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు, దాన్ని ఆకులో పెట్టుకుని అరుగు మీదికి వెళ్లి చిప్ప ఎత్తాడు.

"పెద్ద రాణిగారండీ, తలకాయండీ. ఉప్పు కాస్త ఎక్కువైందేమో, మా ఆవిడ తరపున మన్నించాలండీ."

వెనకనుంచి గరిటె వచ్చి తొట్టెలో పడింది.

"నా చేత్తో వండిన పులసని దాని నోట్లో పెడతావా? ఉప్పెక్కువైందా? దానికెక్కువైందా, నీకెక్కువైందా? ఎవత్తది? అదేం చేసింది నీకు? నీళ్లు తోడిందా, వల అల్లిందా, నీ కాళ్లు పట్టిందా?"

"చీమ కదే, వీరవేణీ..."

"చీమైతే చీమలాగుండాలి! రాణీ అంటావు, గారూ అంటావు! నన్నెప్పుడైనా గారు అన్నావా?"

"ఆయ్, వీరవేణిగారండీ."

"ఇప్పుడా అనడం! దాని ఎంగిలి గారు నాకెందుకు!"

ఇదంతా వింటూ గట్టు మీద కూర్చున్న నాకు ఒళ్లు ఉడికిపోయింది. నాకు ఇద్దరు పెళ్లాలు. ఊరంతా నన్ను చూసి, "బుల్లిరాజుకేం, మహారాజు," అంటారు. ఆ మహారాజు పడక పశువులసాలలో గిత్తదూడ పక్కన. పెద్దావిడ అన్నం పెట్టాలంటే చిన్నావిడ పెట్టిందేమో కనుక్కుని మానేస్తుంది, చిన్నావిడ పెద్దావిడ పెట్టిందనుకుని మానేస్తుంది. ఇద్దరూ కలిసి నాకోసం ఒక్కనాడు ఒక్క గరిటె విసరలేదు. ఇక్కడ ఒక్క భార్య ఉన్నవాడి కోసం చీమ మీద గరిటె విసిరే ఆడది! ఆ గరిటె తొట్టెలో తేలుతుంటే నాకు కలిగిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. తీసుకెళ్లి మా ఇంట్లో గోడకి తగిలించుకుందామనిపించింది.

అయితే వీరవేణి కోపం ఉత్త చీమల మీది కోపం కాదు. దాని అడుగున ఒక భయం ఉంది. ఆ భయం పేరు నూకాలమ్మ, సింహాద్రి తల్లి, నాకు మేనత్త.

పెళ్లై చాలా ఏళ్లయినా వీరవేణికి పిల్లల్లేరు. నూకాలమ్మత్తకి ఒక్కడే కొడుకు. "ఇంకొకత్తిని తెస్తాను," అంది ఒకనాడు. ఆ రోజుల్లో అది పెద్ద మాట కాదు. వీధికి నలుగురు తెచ్చుకునేవారు, నన్నే చూడండి. పెద్ద మాట కానిది వీరవేణికి మాత్రం బతుకంతా. రెండోది వచ్చిందంటే తను ఆ ఇంట్లో పనిమనిషికి కాస్త ఎక్కువ, దూడకి కాస్త తక్కువ. ఆ తక్కువ ఎంతో దూడ పక్కన పడుకునే నాకు బాగా తెలుసు.

సింహాద్రి తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. గోదావరికే ఎదురు చెప్పడు, వాలుగా పడవ పోనిచ్చి ఒడ్డు చేరే మనిషి. తల్లి మాట విని కాసేపు తల గోక్కున్నాడు.

"అమ్మా, మరి ఇద్దరాడోళ్లు ఒక్కింట్లో ఇముడుతారాండీ?"

"ఎందుకిమడరు? బుల్లిరాజు ఇంట్లో లేరూ?" అంది అత్త.

"అందుకే అడుగుతున్నానండీ."

ఆ మాట నా మొహం మీదే అన్నాడు, అదీ అండీ పెట్టి.

"చీమల్ని అడుగుదామండీ," అన్నాడు మళ్లీ. "ఇద్దరు రాణుల్ని ఒక్క చిప్ప కింద పెడతాను. కోతలయ్యేదాకా ఇద్దరూ బతికుంటే నువ్వు చూపించిన పిల్ల మెడలో తాళి కట్టేస్తాను. ఒకరు పోతే ఆ ఏటికి ఆ మాట ఎత్తొద్దు."

మా పడవల వాళ్ల ఇళ్ల సంగతి తెలియనివాళ్లకి ఇది పిచ్చిలా ఉంటుంది. మాకు చీమ మాట అంటే పంచాంగం కంటే ఎక్కువ. చీమలు గుడ్లు నోట కరుచుకుని గట్టెక్కుతుంటే, ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా ఏ సరంగూ పడవ విప్పడు. నూకాలమ్మత్త మొగుడు ఒకసారి ఆ మాట కాదని పడవ విప్పాడు, మళ్లీ రాలేదు. కాబట్టి చీమని అడుగుదామంటే అత్త కాదనలేకపోయింది. పైగా సంతోషించింది. కొడుక్కి లోపల మనసుందనీ, సిగ్గుపడి చీమల్ని అడ్డం పెట్టుకుంటున్నాడనీ ఆమె లెక్క. ఊరి లెక్కా అదే. నా లెక్కా అదే. "ఒరే బావా, రెండో పెళ్లి మీద ఇంత మోజుంటే నోరు విప్పి అడగరా, చీమల చేత అడిగిస్తావేంట్రా!" అని ఎగతాళి చేసేవాణ్ణి. "ఆయ్," అనేవాడు. ఆ 'ఆయ్' ఔననో కాదనో తెలుసుకున్నవాడు లేడు.

ప్రతి ఏడూ ఒకటే తంతు. తొలకరి పడగానే రెక్కల చీమలు గాల్లోకి లేస్తాయి. కిందికి దిగి రెక్కలు రాల్చుకున్న గండుచీమ రాణుల్ని, నల్లగా నేరేడుగింజల్లా ఉండేవాటిని, రెండింటిని ఏరి చిప్ప కింద పెట్టేవాడు. మొదట్లో ఆ ఇద్దరూ అక్కచెల్లెళ్లలా ఉండేవారు. ఒకరి గుడ్లు ఒకరు నాకడం, ఒకరి మూతి ఒకరు తుడవడం. నూకాలమ్మత్త మొహం వెలిగిపోయేది. నేతిచుక్క తెచ్చి పెట్టేది. "తల్లీ, అలాగే కలిసుండండమ్మా," అని దిష్టి తీసేది. వీరవేణి మాత్రం దూరంనుంచే చూసి, "ఎన్నాళ్లులే ఈ నంగనాచి వేషాలు," అనేది.

గుడ్లు పిల్లలై, పిల్లలు పనిచీమలై తిరగడం మొదలుపెట్టేసరికి కథ మారేది. ఒకనాడు పొద్దున్న చిప్ప ఎత్తితే ఒక రాణిగారు నిండుగా ఉండేవారు, రెండో రాణిగారు మూడు ముక్కలుగా ఉండేవారు. నూకాలమ్మత్త గొల్లుమని ఏడ్చి, మైల అని తలకి స్నానం చేసేది. సింహాద్రి ఆ ముక్కల్ని తమలపాకులో పెట్టి, తలకి తుండు చుట్టుకుని, గట్టు కింద ఇసకలో పూడ్చిపెట్టి వచ్చేవాడు. వీరవేణి ఆ పూట బూరెలు వండేది. మా రేవులో బూరెల వాసన వచ్చిందంటే జొన్నాడ ఒడ్డునుంచే కేకేసి అడిగేవారు, "రాణిగారు పోయారాండీ?" అని.

ఆ బూరెలు నాకూ వచ్చేవి. పొరుగింటి చీమ చచ్చిందని నేను తిన్నన్ని బూరెలు నా రెండు పెళ్లిళ్లలో కలిపి తినలేదు.

ఇలా ఏళ్లు గడిచాయి. చివరికి అత్తకి ఓపిక నశించింది. ఒక ఏడు కోతల ముందు, రాజోలు వైపు పడవలున్న పోలిరాజుగారికి కబురు పెట్టింది. ఆయనకి సత్యవేణి అని కూతురు. "ఈసారి రాణులిద్దరూ బంగారంలా ఉన్నారు, పిల్లని తీసుకొచ్చి మీ కళ్లతోనే చూసుకోండి," అని చెప్పించింది. పిల్లకి పెళ్లిచూపులు విన్నాం కానీ చీమలకి చూపులెక్కడైనా విన్నారా? మా రేవులో జరిగాయి.

అంతకుముందు కొద్దిరోజులనుంచీ అత్త ఆ చిప్ప దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. కొడుకునైనా ఎత్తనివ్వలేదు. "దిష్టి తగులుద్ది, వాళ్లొచ్చాకే ఎత్తుదాం," అంది. పోలిరాజుగారు వచ్చే రోజు పొద్దున్న వీరవేణి రేవులోకి నా దగ్గరికి వచ్చింది. చంకలో మూట ఉంది. గొంతు లేదు. ఆ గొంతు లేకపోవడం చూసి నాకు భయం వేసింది, గోదావరి ఎండిపోయినట్టనిపించింది.

"అన్నయ్యా, ఈసారి రెండూ బతికే ఉన్నాయంట."

"ఎవరన్నారమ్మా?"

"అత్త మొహం చూస్తే తెలవట్లేదా? ఆయనేమో ఏం మాటాడడు. పొద్దున్న కూడా 'ఆయ్' అన్నాడు. ఆళ్లు తాంబూలాలు పుచ్చుకుంటే నేను ఈ పడవలోనే పోతాను, అన్నయ్యా. ఓడలరేవులో మా అన్నదమ్ములు నాకింత గంజి పొయ్యలేరా?"

"మాట్లాడమ్మా వాడితో! తిట్టు, గరిటె విసురు!"

"చీమనైతే తిడతాను. వచ్చేది ఆడపిల్ల. దాన్నేమని తిట్టను?" అని మూట అక్కడే గట్టు మీద పెట్టి, వచ్చేవాళ్లకి నీళ్లివ్వడానికి లోపలికి వెళ్లిపోయింది.

పోలిరాజుగారు వచ్చారు. బొజ్జ ముందూ, ఆయన వెనకా. ఆయన వెనక సత్యవేణి, రెండు కళ్లతో అన్నీ చూసేస్తున్న పిల్ల. అరుగు చుట్టూ ఊరు మూగింది. ఇంతమంది జనం నా మొసలికెప్పుడూ రాలేదు. పోలిరాజుగారి బొజ్జ పక్కనే చోటు చేసుకుని ముందువరసలో నిలబడ్డాను.

"ఎత్తరా చిప్ప!" అంది అత్త, పెళ్లివారింటి భజంత్రీలకి చెప్పినట్టు.

సింహాద్రి చేతులు జోడించి, "రాణిగారండీ, పెద్దవాళ్లొచ్చేరండీ, తమ దర్శనం..." అంటూ ఎత్తాడు.

నల్లచీమ ఒక్కటి లేదు. మూకుడు నిండా బెల్లం కుండకి పట్టే సన్న ఎర్రచీమలు బిలబిలమంటున్నాయి. వాటి మధ్య కాస్త లావుగా, పొడుగ్గా రాణులు. ఇద్దరు కాదు, ముగ్గురు కాదు. ఇటో గుంపు, అటో గుంపు, గుడ్ల పక్కన ఒకరు, గుడ్ల మీద ఇద్దరు. ఒకరినొకరు తోసుకోవడం లేదు, కరుచుకోవడం లేదు. పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నారు.

"చూశారా!" అంది అత్త. ఆమె గొంతులో పండగ. "ఇద్దరుంటే చాలన్నాడు, ఇంతమందున్నారు! ఒక్కళ్ల మీద ఒక్కళ్లు గోరు వెయ్యలేదు! నా బెల్లం కుండ ఎనకాల ఎన్నాళ్లబట్టో కాపురం చేస్తన్నారు, నేనే చూసి చిప్ప కిందికి మార్చేను. చీమ చీమే కదరా! నల్లదైతేనేం, ఎర్రదైతేనేం! ఇప్పుడేమంటావు?"

మోసం అని అరవబోయాను. సింహాద్రి నా కాలు తొక్కాడు. తల్లి అలా నిలబడి నవ్వుతుంటే పదిమందిలో ఆమెని చిన్నబుచ్చలేకపోయాడు. "ఆయ్, చీమేనండీ," అన్నాడు.

పోలిరాజుగారు తాంబూలం పళ్లెం కోసం చేయి చాచారు. గుమ్మంలో నీళ్లచెంబుతో నిలబడ్డ వీరవేణి చెంబు కింద పెట్టి గట్టు మీది మూట వైపు చూసింది. నేనే చూశాను.

అప్పుడు వంగి చిప్ప కిందికే చూస్తున్న సత్యవేణి తలెత్తింది.

"ఏమండీ, ఇంతమంది రాణులున్నారు. ఈళ్ల మొగుడేడండీ?"

జనం గొల్లున నవ్వారు. సింహాద్రి నవ్వలేదు. చిప్ప వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు.

"చెప్పమంటారాండీ?"

"చెప్పరా! సిగ్గెందుకు!" అంది అత్త.

"లేరండీ."

"ఊరెళ్లేడా?" అన్నారు పోలిరాజుగారు.

"పోయేరండీ."

"ఎప్పుడు?"

"పెళ్లి నాడేనండీ. రెక్కలతో గాల్లోకి లేస్తారు చూడండి, అదే ఆళ్ల పెళ్లండీ. పెళ్లవుద్ది, పెళ్లికొడుకు కిందపడతాడు, అంతేనండీ. పొద్దున్న పెళ్లైతే సాయంత్రం చూడడండీ. చీమల్లో మొగుడన్నవాడు కాపురం చెయ్యగా ఇంతవరకూ నేను చూళ్లేదండీ."

పోలిరాజుగారి చేయి పళ్లెం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన ఒకసారి కూతురి నుదుటి బొట్టు వైపు చూసుకున్నారు.

అత్త సామాన్యురాలు కాదు. ఒక్క క్షణంలో తేరుకుంది. "మరి ఒక్క రాణున్న గూట్లోనో?"

సింహాద్రి అబద్ధం చెప్పి ఎరగడు. నేనైతే ఆ చోట ఇంతలేసి అబద్ధం చెప్పి గట్టెక్కేవాణ్ణి. అతను తల గోక్కుని, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు.

"అక్కడా అంతేనండీ. మొదటి పెళ్లికీ గండమేనండీ. నాది అయిపోయింది గదండీ, నీ పుణ్యాన ఎలాగో బయటపడ్డాను. మళ్లీ గాల్లోకి లేవమంటావా? లెగుస్తానండీ. నువ్వు చెప్పేక కాదంటానా?"

నూకాలమ్మత్త చేతిలోంచి తాంబూలం పళ్లెం జారింది. వక్కలు తొట్టె నీళ్లలోకి దొర్లాయి. "ఒద్దురా నాయనా! ఒద్దు! నా కడుపునున్నది నువ్వొక్కడివి! మీ నాన్న చీమ మాట కాదని పోయేడు, నువ్వూ పోతావా?" అని కొడుకుని రెండు చేతులా చుట్టేసుకుంది. ఎంత గట్టిగా అంటే, పెళ్లి ఇక్కడే ఎవరైనా బలవంతంగా చేసేస్తారేమోనన్నట్టు. పోలిరాజుగారు అప్పటికే గట్టు దిగుతున్నారు. సత్యవేణి మాత్రం వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "బాగా చూపించేరండీ," అని నవ్వింది. ఆ పిల్లకీ ఈ పెళ్లి మీద ఇష్టం లేదని నాకు అప్పుడు తెలిసింది. నాకు అన్నీ తెలుస్తాయి, కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత అత్త ఎంత మారిందంటే, ఊళ్లో ఎక్కడ పెళ్లిబాజా మోగినా కొడుకుని పడవెక్కించి అవతలి ఒడ్డుకి పంపించేసేది. బాజా ఆగేదాకా రావద్దనేది. అటు జొన్నాడలోనూ పెళ్లి ఉంటే పాపం నది మధ్యలోనే లంగరు వేసుకుని కూర్చునేవాడు.

అలా లంగరు వేసిన ఒక మధ్యాహ్నం నేనూ పడవలో ఉన్నాను. ఊరికే ఉండలేక అడిగాను.

"ఒరే బావా, ఆ సన్నచీమల గూట్లో అంతమంది రాణులు కలిసుంటారని నీకు నిజంగా తెలీదా?"

సింహాద్రి పడవ ముందుభాగంలో చెక్క ఎత్తాడు. కింద చిన్న నీళ్ల చట్టి, అందులో కొబ్బరిచిప్ప. చిప్ప ఎత్తాడు. సన్న ఎర్రచీమలు. ఎంతమంది రాణులో! నాకు తెలిసిన జమీందార్లందరి కోటల్లో కలిపి అంతమంది ఉండరు.

"ఈళ్లు ఎప్పట్నుంచిరా ఇక్కడ?"

"మొదట్నుంచీనండీ. ఈరు ఎప్పుడూ దెబ్బలాడుకోరండీ. ఎంత మందున్నా సర్దుకుంటారు."

"మరి ఇంటికి ప్రతి ఏడూ ఆ నల్లచీమల్నే ఎందుకు తీసుకెళ్లావు? అవి చివరికి కొట్టుకు చస్తాయని తెలిసి..."

చెప్పబోయి ఆగిపోయాను. నా నోరు తెరిచి ఉండి మాట రాకపోవడం గోదావరి అంతకుముందు చూడలేదు.

"అమ్మ అడుగుతుంటే కాదంటానికి నోరు రాదండీ," అన్నాడు సింహాద్రి చిప్ప మూస్తూ. "వీరవేణి మొహం చూస్తే ఔనంటానికీ రాదండీ. చీమలకైతే ఏ మొహమాటం లేదు గదండీ. అయ్యే చెప్తాయని."

"వీరవేణికి చెప్పావా ఈ సంగతి?"

"అబ్బే."

"చెప్పరా పిచ్చివాడా! నువ్వు రెండోదాన్ని తెస్తావని మూట కట్టుకుంది. రోజూ ఆ చీమల్ని తిట్టిపోస్తోంది. చెబితే నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది!"

సరిగ్గా అప్పుడే గట్టు మీదనుంచి ఆ ఓడలరేవు గొంతు వచ్చింది, నీళ్ల మీదుగా, తిన్నగా. "ఏమయ్యోయ్! అన్నం చల్లారిపోతంది! ఆ చెక్క కింద ఎవత్తిని దాచేవో నాకు తెలవదనుకున్నావా? వస్తావా, నన్నే ఈదుకుంటా రమ్మంటావా?"

సింహాద్రి మొహం విచ్చుకుంది. లంగరు తాడు లాగుతూ నా వైపు తిరిగాడు.

"చెప్తే ఇంక తిట్టదండీ, బావగారండీ. గౌరవంగా చూస్తాది. అప్పుడు ఇల్లు ఇల్లులాగుండదండీ."

పడవ ఒడ్డు వైపు తిప్పాడు. గట్టు మీద వీరవేణి చీర కుచ్చెళ్లు దోపుకుని నిజంగానే నీళ్లలోకి దిగుతోంది. నేను పడవలో ఈ చివర కూర్చుని, నా ఇద్దరిలో ఒక్కతైనా మోకాలి లోతు దాకా వచ్చేదా అని లెక్క వేసుకుంటూ, ఒడ్డు చేరేదాకా కుళ్లుతూనే ఉన్నాను.